తర్వాత ఈ పిల్ల ఏమవుతుంది?

గాజువాక నుంచి ఒక పాఠకుడు ఏడు పేజీల ఉత్తరం రాశారు. దానితోపాటు తను రాస్తున్న నవల అధ్యాయాలు కూడా ఒక కట్టగా పంపారు. పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు. ఉత్తరం మొత్తానికి ఇక్కడ చోటు చాలదు కాబట్టి సారాంశం చెబుతాను.

ఆయనకి 31 ఏళ్లు. పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో షిఫ్టు ఉద్యోగం. రెండేళ్లుగా ఒక కథల యాప్‌లో తెలుగు ఫాంటసీ సీరియల్ రాస్తున్నారు. నెలకి ఆరేడు వేలు వస్తున్నాయట. కథ సాగరదుర్గం అనే ఊహా రాజ్యంలో జరుగుతుంది. సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన కొండ, దాని మీద దీపస్తంభం, ఉత్తరాన ఎర్రటి ఇసుక దిబ్బలు అనగానే అది ఎక్కడిదో మన విశాఖవాళ్లకి అర్థమైపోతుంది. (ఎర్రమట్టి దిబ్బల్లో నాగులు కాపురముంటారన్న ఊహ నాకు భలే నచ్చింది.) కథానాయిక మేఖల. ఆమె అక్క తరళ దీపస్తంభానికి కాపలా మనిషి. కాలకేతు అనేవాడు తన మూకతో కొండలు దిగి వచ్చి రేవుని పట్టుకుంటాడు. 42వ అధ్యాయంలో తరళ మీద అత్యాచారం చేస్తాడు. 43లో తరళ కొండ మీద నుంచి సముద్రంలోకి దూకేస్తుంది. 44లో మేఖల కత్తి పడుతుంది.

ఇంతవరకూ రాతపని గొడవే. అసలు బాధ వేరే ఉంది. ప్రతి అధ్యాయాన్నీ అందరికన్నా ముందు చదివేది ఆయన అక్క. గోపాలపట్నంలో ఉంటారు, ఇద్దరు పిల్లలు. ఈయన పెద్ద నోటు పుస్తకంలో చేత్తో రాసి ఆదివారం తీసుకెళ్తే, ఆవిడ స్టవ్వు పక్కన నిలబడే చదివేస్తారు. 42వది కూడా అలాగే చదివారు. చదివి, "తర్వాత ఈ పిల్ల ఏమవుతుందిరా?" అని అడిగారు. ఈయన ఉత్సాహంగా, "చచ్చిపోద్దక్కా, అందుకే కదా మేఖల కత్తి పడతాది" అన్నారు. ఆవిడ పుస్తకం మూసి ఫ్రిజ్ మీద పెట్టి, "అన్నం మాడిపోతోంది" అంటూ అటు తిరిగారు. కుక్కర్ అప్పటికి ఒక్క విజిల్ కూడా వేయలేదట. ఇది జరిగి ఐదు వారాలైంది. ఆవిడ తర్వాతి అధ్యాయం అడగలేదు.

యాప్ తరఫున సీరియల్ చూసే మనిషి ఆ సీన్ ఉండి తీరాలంటున్నారు. అది లేకపోతే విలన్ మీద కసి రాదట. కాలేజీ స్నేహితుడు, "యుద్ధంలో జరిగేదే రాశావు, భయమెందుకు" అంటున్నాడు. ఒక స్నేహితురాలు చదివి, "మళ్లీ ఇదేనా" అని ఊరుకుంది. ఉత్తరం చివర ఆయన ప్రశ్నలివి: "తీసేస్తే పిరికివాణ్ణవుతానా? ఉంచితే చెడ్డవాణ్ణవుతానా? అక్కకి ఎప్పుడైనా ఏదైనా జరిగి ఉంటుందా? అడగమంటారా?"

సమాధానం:

మీ అధ్యాయాలు రెండుసార్లు చదివాను. మీకు రాయడం వచ్చు. దీపస్తంభం లోపల మెట్ల మీద చేప నూనె వాసన వస్తుందని రాశారు చూడండి, అది చాలామందికి తట్టదు. అందుకే 42 దగ్గరికి వచ్చేసరికి నిరాశ కలిగింది. అంతవరకూ కళ్లతో చూసి రాసిన మనిషి అక్కడ మాత్రం ఎక్కడో విన్నది రాశారు. చిరిగిన పమిట, పగిలిన గాజులు, ఆరిపోయిన దీపం. ఆ దీపం ఆరడం మా చిన్నప్పటి సినిమాల్లోదండీ. చేప నూనె వాసన మీది.

ముందు మీ చివరి రెండు ప్రశ్నలకి చెబుతాను. మీకు అవే ముఖ్యమని నాకు అనిపించింది.

అక్కకి ఏదైనా జరిగిందా అన్నది నాకు తెలియదు, మీకూ తెలియదు. తెలుసుకునే హక్కు మీకుందని కూడా నేననుకోను. జరిగి ఉండొచ్చు. మన దేశంలో నమోదయ్యే అత్యాచారం కేసుల్లో నూటికి 90కి పైగా నిందితుడు తెలిసినవాడే అయి ఉంటాడని ప్రభుత్వ నేర గణాంకాలు ఏటా చెబుతూనే ఉన్నాయి. బంధువు, పక్కింటివాడు, పెళ్లి చేసుకుంటానన్నవాడు. కొండ దిగివచ్చిన కాలకేతు కాదు. కాబట్టి ఏ ఇంట్లోనైనా ఏ ఆడమనిషైనా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి మోస్తూ ఉండొచ్చు. అయితే మీరు ఒక్క దారినే చూస్తున్నారు. ఆవిడ బాధపడింది కాబట్టి ఆవిడకేదో జరిగి ఉండాలి అనుకుంటున్నారు. ఇంకో కారణం మీ ఉత్తరంలోనే ఉంది. రెండో పేజీలో బ్రాకెట్‌లో రాసి వదిలేశారు: "తరళకి మా అక్క పోలికలు కొన్ని పెట్టాను."

కొన్ని కాదు బాబూ. తరళ జుట్టుని పెన్సిల్ లాంటి పుల్లతో ముడి వేసుకుంటుంది. చెల్లెలు అన్నం తినకపోతే తనూ తిననంటుంది. నవ్వు ఆపుకోవాల్సి వచ్చినప్పుడు కింది పెదవి కొరుకుతుంది. ఇవన్నీ అక్కవేనని మీరే ఒప్పుకున్నారు. ఆవిడ గుర్తుపట్టకుండా ఉంటుందా? 41 ఆదివారాలు ఆవిడ తనని తాను ఒక కోటకి కాపలాదారుగా చదువుకుంది. గోపాలపట్నం వంటింట్లో నిలబడి, ఓ చేత్తో గరిటె తిప్పుతూ. 42వ ఆదివారం తమ్ముడు వచ్చి, నీ శరీరం ఇలా అయింది, నువ్వు రేపు చచ్చిపోతావు, దాంతో నీ చెల్లెలు హీరోయిన్ అవుతుంది అని చదవమని ఇచ్చాడు. ఆవిడ గతంలో ఏమీ జరగకపోయినా, ఆ ఆదివారం ఇది జరిగింది.

నేను తప్పు చదువుతున్నానేమో. కానీ ఆవిడని ప్రశ్నలు అడిగే ముందు ఈ సంగతి ఆలోచించండి.

ఇప్పుడేం చేయాలి? ఏమీ అనకుండా ఊరుకుని తర్వాతి అధ్యాయం తీసుకెళ్లడం ఒక దారి. తేలిక. చాలా ఇళ్లలో జరిగేది అదే. ఆవిడ చదువుతుంది కూడా, తమ్ముడి మనసు నొప్పించడం ఇష్టంలేక. కానీ ఇకమీదట మీకు నిజం చెప్పదు, "బాగుందిరా" అంటుంది. మీ మొదటి పాఠకురాలు పోతుంది, మీకు తెలియను కూడా తెలియదు. నేరుగా "నీకేమైనా జరిగిందా అక్కా" అని అడగడం రెండోది. ఇది వద్దని గట్టిగానే చెబుతాను. జరగకపోతే ఇబ్బంది. జరిగి ఉంటే, ఆవిడ చెప్పాలనుకున్న రోజున కాకుండా మీకు కుతూహలం కలిగిన రోజున చెప్పాల్సి వస్తుంది. పైగా మీరు రచయిత. చెప్పినది ఎక్కడ తేలుతుందోనన్న భయం ఆవిడకి ఉండకపోతుందా?

మూడోది, మీ తప్పు మేరకు మీరు మాట్లాడటం. "అక్కా, ఆ అధ్యాయం అలా చేతిలో పెట్టేముందు నీకొక మాట చెప్పాల్సింది. తరళని ఏం చేయాలో నేనింకా తేల్చుకోలేదు." ఇంతే. ఫోన్‌లో వద్దు, పిల్లలు ట్యూషన్‌కి వెళ్లాక చెప్పండి. చెప్పి ఊరుకోండి, జవాబు కోసం ఆవిడ ముఖంలోకి చూడకండి. ఆవిడ టీ పెడతానంటే తాగి రండి. ఒకవేళ ఆవిడే ఏదైనా చెబితే వినండి, ఎవరు, ఎప్పుడు అని తవ్వకండి, పుస్తకంలోకి రానివ్వనని ఆవిడ అడగకముందే మాటివ్వండి. ఎవరితోనైనా మాట్లాడాలని ఆవిడకే అనిపిస్తే మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది. వెళ్లాలా వద్దా అన్నది ఆవిడిష్టం.

ఇక నవల.

మీ స్నేహితుడి మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే అది తెలివైన మాటలా వినిపిస్తుంది. యుద్ధంలో జరిగేదే కదా? జరిగేదే. కానీ మీ నవలలో కాలకేతు సైన్యం మూడు నెలలు ఎర్ర దిబ్బల్లో విడిది చేసింది. ఒక్కడికీ విరేచనాలు పట్టలేదు. 20వ శతాబ్దం వచ్చేదాకా యుద్ధాల్లో కత్తి దెబ్బకన్నా రోగంతో పోయిన సైనికులే ఎక్కువ. కలరా, టైఫాయిడ్, రక్త విరేచనాలు. మీ మూకలో ఎవడికీ పేలు లేవు, కాలిపుండ్లు లేవు, ఇంటి మీద బెంగ లేదు. వాస్తవం పేరుతో మీరు తెచ్చుకున్నది ఒక్కటే. ఆ ఒక్కటే ఎందుకు తెచ్చుకున్నారన్నది మీ స్నేహితుణ్ణి అడగండి.

సరే, వాస్తవమే కావాలంటే అది మీ సీన్‌లా ఉండదు. రువాండాలో 1994 మారణకాండ తర్వాత, అకయేసు అనే మేయర్ మీద అంతర్జాతీయ ట్రిబ్యునల్ విచారణ మొదలుపెట్టింది. అభియోగాల్లో మొదట అత్యాచారం మాటే లేదు. ఒక స్త్రీ వేరే సంగతికి సాక్ష్యం చెప్పడానికొచ్చి, మధ్యలో ఆ మాట చెప్పింది. తర్వాత ఇంకొకరు చెప్పారు. ఆ ధర్మాసనంలో ఉన్న ఒకే ఒక్క మహిళా న్యాయమూర్తి నవనీతం పిళ్లే. 1997లో విచారణ మధ్యలో అభియోగపత్రం మార్చారు. 1998లో వచ్చిన తీర్పు, జాతిని నిర్మూలించే ఉద్దేశంతో చేసిన అత్యాచారం కూడా జాతిహననమేనని మొదటిసారి చెప్పింది. ఇందులో కథ ఎక్కడుందో చూడండి. వేరే ప్రశ్నకి జవాబు చెబుతూ ఒక మనిషి ఆ మాట ఎత్తిన క్షణంలో ఉంది. మీ 42లో ఆ మనిషికి మాటే లేదు.

లెక్కపెట్టాను. ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చోవడం నాకు పాత అలవాటు. 42వ అధ్యాయం 11 పేజీలు. కాలకేతు ఏం ఆలోచిస్తున్నాడో మూడు పేజీలు. తలుపు అవతల మేఖల ఏం విన్నదో నాలుగు. తరళ పలికిన మాటలు రెండు: "వద్దు", "మేఖలా". 43లో ఆమెకి ఒక్క మాట కూడా లేదు, దూకడమే. అక్కడ కథకుడు, అంటే మీరు, "ఇక ఆమెకు బతుకెక్కడిది" అని రాశారు. ఏ పాత్రా అనలేదు ఆ మాట. మీరే అన్నారు. కొట్టేయండి. నవలని మీరేం చేసినా సరే, ముందు ఆ వాక్యం కొట్టేయండి.

మన భాషే మనల్ని ఇటు తోస్తుందనుకోండి. మానభంగం అంటాం. మానం ఆమెది, భంగమూ ఆమెకే. చేసినవాడు ఆ మాటలో ఎక్కడున్నాడు? చెరిచాడు అంటే కనీసం వాడున్నాడు, కానీ ఆ మాట ప్రకారం చెడింది ఆమే. ఇరవై ఏళ్ల కిందటిదాకా నేనూ పత్రికలకి ఈ మాటలే దిద్దాను. ఎవరైనా రాస్తే అచ్చుతప్పులు చూశాను తప్ప మాటని చూడలేదు.

అక్క ప్రశ్న గుర్తుందా? తర్వాత ఈ పిల్ల ఏమవుతుంది? ఆవిడ ఒక్క ప్రశ్నతో అధ్యాయం బలహీనత పట్టేసింది. ఆ సంఘటన తరళకి జరిగింది. దాని ఫలితమేమో తరళకి తప్ప అందరికీ అందింది. కాలకేతుకి క్రూరుడన్న పేరు, మేఖలకి కత్తి, పాఠకుడికి కసి, యాప్‌కి వ్యూస్. తరళకి సముద్రం.

ఇది మీరు కనిపెట్టింది కాదు, అందరూ చేసేదే. హీరోని కదిలించడం కోసం అతని ఆడవాళ్లని చంపడం, హింసించడం కామిక్స్‌లో ఎంత మామూలైపోయిందో చూపిస్తూ 1999లో అమెరికాలో గెయిల్ సిమోన్ అనే ఆవిడ ఒక జాబితా తయారుచేసింది. తర్వాత ఆవిడే పేరున్న కామిక్స్ రచయిత్రి అయింది. అంత దూరం పోనక్కర్లేదు, మన ఉత్తరకాండలో రంభ కథ ఉంది. వెన్నెల రాత్రి నలకూబరుడి దగ్గరికి వెళ్తున్న రంభని రావణుడు అడ్డగిస్తాడు. నలకూబరుడు నీ అన్న కొడుకు, నేను నీకు కోడలి వరస అని ఆమె వేడుకుంటుంది. వినడు. నలకూబరుడు శపిస్తాడు: ఇష్టపడని స్త్రీని ముట్టుకుంటే నీ తల ఏడు ముక్కలవుతుంది. ఆ శాపం కథకి కావాలి, లంకలో సీతని రావణుడు ఎందుకు తాకలేదో చెప్పడానికి. శాపం అందాక రంభతో కథకి పని తీరిపోయింది. ఆ రాత్రి తర్వాత ఆమె ఏమైంది? మళ్లీ మీ అక్క ప్రశ్నే.

దీని పక్కన విరాటపర్వం పెట్టి చూడండి. కీచకుడు వెంటపడి, నిండు సభలో తన్నిన తర్వాత ద్రౌపది ఊరుకోదు. రాజుని అక్కడే నిలదీస్తుంది. రాత్రి వంటశాలకి వెళ్లి భీముణ్ణి లేపుతుంది. కీచకుణ్ణి నర్తనశాలకి రప్పించేదీ ఆమే. తిక్కన పద్యాల్లో ఆ రాత్రి సంభాషణ చదవండి, ఆమె కోపంలో ఎన్ని రకాలున్నాయో. అక్కడ కూడా చంపేది మగవాడే, నాకు తెలుసు. అయినా కథని నడిపే తాడు చివరిదాకా ఆమె చేతిలోనే ఉంటుంది. కీచకుడు ఎంత నీచుడో మనకి బాగానే అర్థమవుతుంది, అందుకోసం ఆమెని నాశనం చేయనక్కర్లేకపోయింది.

మీ ముందున్న దారులు చూద్దాం.

ఉన్నది ఉన్నట్టు ప్రచురించడం ఒకటి. చివర్లో చెప్పబోయే ఒక్క సంగతి సరిచేస్తే చట్టం ఒప్పుకుంటుంది, యాప్ సంతోషిస్తుంది, వారం రోజులు కామెంట్లు బాగా వస్తాయి. మీరు చెడ్డవాళ్లయిపోరు. "మళ్లీ ఇదేనా" అన్న స్నేహితురాలి లాంటివాళ్లు చప్పుడు చేయకుండా వెళ్లిపోతారు. వెళ్లిపోయినవాళ్లు కామెంటు పెట్టరు కాబట్టి యాప్ మనిషికి వాళ్లు కనబడరు.

సంఘటన ఉంచి, సీన్ తీసేయడం ఇంకోటి. తలుపు మూసుకుంటుంది, మనం లోపలికి వెళ్లం, తెల్లారాక తరళతో బయటికొస్తాం. తరళ బతుకుతుంది. ఇది మంచి దారేగానీ ఖరీదైనది. ఎందుకంటే అక్కడి నుంచి నవల తరళది అవుతుంది. ఆమె దీపం వెలిగించడానికి మళ్లీ మెట్లెక్కుతుందా? చెల్లెలు తన పేరు చెప్పి కత్తి పడితే ఆమెకి నచ్చుతుందా, మండుతుందా? ఊరివాళ్లలో ఎవరు చూపు తిప్పుకుంటారు? ఆమెకి నవ్వొచ్చే రోజు ఉంటుందా? ఇవన్నీ 60 అధ్యాయాల ప్లాన్‌లో పట్టవు. మూడు అధ్యాయాల్లో ముగించి యుద్ధంలోకి దూకుదామంటే ఈ దారి పట్టకండి, సగం చేస్తే మొదటిదానికన్నా అన్యాయం. పడితే మాత్రం అధ్యాయం పైన రెండు లైన్ల హెచ్చరిక పెట్టండి. సస్పెన్స్ పోతుందని యాప్‌వాళ్లు అంటారు. పోనివ్వండి. ఫ్రిజ్ మీద పుస్తకం పెట్టి తిరిగిపోయే అవకాశం మిగతావాళ్లకి కూడా ఉండాలి కదా.

పూర్తిగా తీసేసి కాలకేతు క్రూరత్వాన్ని వేరే రకంగా చూపడం మూడోది. నా మొగ్గు ఇటే, దాచను. ఇక్కడ ఒక గుంట ఉంది, చూసుకోండి. మీరే ఉత్తరంలో, "పోనీ మంత్రంతో తరళ గొంతు లాగేసుకున్నట్టు రాయనా" అని అడిగారు. అది అదే సీన్, చీర మార్చింది. మళ్లీ అక్కకే జరుగుతుంది, మళ్లీ చెల్లెలికే కోపం వస్తుంది. మీరు మార్చాల్సింది చేసే పని ఒక్కటే కాదు, ఆ పని ఎవరి మీద పడుతుందో, దాన్ని ఎవరు ఎదుర్కొంటారో కూడా.

మీ రాజ్యం బతికేది సముద్రం మీద. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకి వేట నిషేధం. చేప పెరగడానికి పెట్టిన మంచి నియమమే. అయినా ఆ రెండు నెలల్లో జాలరి ఇళ్లలో పరిస్థితి మీకు నేను చెప్పక్కర్లేదు, గంగవరం మీకు దగ్గరే. కాలకేతు ఆ నిషేధాన్ని మూడేళ్లు పెట్టాడనుకోండి. పడవ దించినవాడి పడవ తగలబెట్టడు, వాడి చేతే పక్కవాడి పడవ తగలబెట్టిస్తాడు. అలాంటివాణ్ణి నేను 40 అధ్యాయాలు ద్వేషించగలను. ఇంటి ముందు బూడిదైన పడవ, దాన్ని కాల్చిన అన్నదమ్ముడు రోజూ ఎదురుపడటం. వాడికి రాత్రి అన్నం ఎలా దిగుతుంది? ఇలాంటివి మీరు బాగా రాయగలరు. నష్టం కూడా చెబుతాను: కసి ఒక్క అధ్యాయంలో రాదు, నెమ్మదిగా ఎక్కుతుంది. రెండు మూడు వారాలు వ్యూస్ తగ్గొచ్చు. ఆరేడు వేలు నాలుగు వేలు కావచ్చు. ఆ డబ్బు మీ ఇంటికి ఎంత ముఖ్యమో మీకే తెలుసు. యాప్ మనిషితో గొడవ పడేముందు ఇలాంటి అధ్యాయం ఒకటి రాసి చూపించండి. తీసేస్తానన్నవాడి మాటకన్నా, బదులు తెచ్చినవాడి మాట చెల్లుతుంది.

పిరికితనం సంగతి అడిగారు. అందరూ రాసేది రాయడానికి ధైర్యం అక్కర్లేదండి. దాని గురించి ఇంతకన్నా చెప్పను.

మీరు అడగనివి రెండున్నాయి. కాలకేతు మూకని కొండల నుంచి దింపారు. వాళ్లకి ఈకలు పెట్టారు, అర్థంకాని భాష పెట్టారు, ఆడవాళ్లని ఎత్తుకుపోయే మృగాలన్నారు. విశాఖలో కూర్చుని "కొండల మీదివాళ్లు" అంటే ఎవరు గుర్తొస్తారు? మన మన్యంలో వాకపల్లి అనే ఊరుంది. 2007లో అక్కడి 11 మంది కోందు గిరిజన స్త్రీలు, గాలింపుకొచ్చిన పోలీసులు తమపై అత్యాచారం చేశారని చెప్పారు. ఆ కేసు 2023లో మన విశాఖ కోర్టులోనే తేలింది. నిందితులు నిర్దోషులని తీర్పొచ్చింది. దర్యాప్తు సరిగా జరగలేదని, ఆ స్త్రీలకి పరిహారం ఇవ్వాలని కూడా కోర్టు అంది. పదహారేళ్లు. ఆ ఆరోపణలో పైకి వెళ్లిందెవరు, ఇంటి దగ్గర ఉన్నదెవరు? మీ కథలో బాణం గుర్తు తిరగబడింది. ఊహాలోకమే అయినా ఊహలు మన ఊరి నుంచే వస్తాయి. కాలకేతుని సముద్రం మీద నుంచి రప్పించండి, లేదా సాగరదుర్గం రాజుగారి సొంత తమ్ముణ్ణి చేయండి. తెలిసినవాడు అయితే ఇంకా భయం వేస్తుంది.

రెండోది, 42లో కొన్ని వివరాలు మీ కాలనీలో ఎప్పుడో జరిగిన ఘటన నుంచి తీసుకున్నానని, పేరు మార్చానని రాశారు. నీళ్ల ట్యాంకు, ఆకుపచ్చ గేటు, ఆ అమ్మాయి చదివే కోర్సుని పోలిన విద్య అన్నీ అలాగే ఉన్నాయి. బాధితురాలి పేరే కాదు, ఆమెని గుర్తుపట్టేలా చేసే ఏ వివరం ప్రచురించినా నేరమే. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. కల్పితం అని పైన రాసుకుంటే సరిపోతుందో లేదో లాయరు చెప్పాలి. చట్టం మాట అలా ఉంచండి, ఆ అమ్మాయి ఇప్పుడు మీ యాప్‌లో కథలు చదువుతూ ఉండొచ్చు. ఆ గేటు తీసేయండి. ఈ ఒక్క విషయంలో మీకు దారులేమీ చూపించను.

కట్ట తిప్పి పంపిస్తున్నాను. అంచుల్లో ఎర్ర గీతలు ఎక్కువయ్యాయి, ఏమనుకోవద్దు. అన్నిటికన్నా ముందు మీ తొమ్మిదో అధ్యాయం తీసి చదవండి. అందులో తరళ రాత్రి దీపస్తంభం మీద నుంచి రేవులో దీపాలు లెక్కపెడుతుంది. రోజూ 64 ఉండాలి. ఆ రాత్రి 63 వస్తాయి. మళ్లీ లెక్కపెడుతుంది, మళ్లీ 63. చెల్లెలికి చెబితే మేఖల, నిద్రమత్తులో తప్పు లెక్కపెట్టావంటుంది. తరళ తప్పు లెక్కపెట్టదని అప్పటికే మాకందరికీ తెలుసు. ఆ పడవ ఎక్కడికి పోయిందో, దాన్ని ఎవరు దాచారో మీరు ఇంతవరకూ చెప్పలేదు. కనుక్కోవడానికి ఆ పిల్ల మెట్లు దిగడం మొదలుపెడితే, 42వ అధ్యాయం అక్కడి నుంచి రాయొచ్చు. ఆదివారం అక్క దగ్గరికి అది తీసుకెళ్లండి.